బొటనవేలి గుంట

బేస్తవారం అంగడికి
కుండలు మోసేది నా ఆటో.
చేసేది మా మేనత్త కుర్మమ్మ.
పగిలిన వాటి లెక్క నాది.

వాగు వంతెన మీద మూడు గుంతలు,
బడి ముందర ఎవడో పోసిన స్పీడ్ బ్రేకర్.
వరిగడ్డి ఎంత కుక్కినా
ఏదో ఒకటి టక్కుమంటది.
ఆ సప్పుడు చెవులకు కాదు,
నా పండ్లకు ఇనవడ్తది.

అచ్చంపేట అవుతల, గుట్టల కింద ఊరు మాది.
దసరా ముంగట సీతాఫలాలు
గంపలకు గంపలు పట్నం లారీ ఎక్కుతయి.
అత్త ఒక్క కాయ తెచ్చి
సారె పక్కన పెట్టుకున్నది.
తినలే.
పండినా తినలే, మెత్తవడి ఈగలు ముసిరినా తినలే,
చూస్కుంటనే కూసున్నది.
"కాయ గింతే గదరా,
కన్ను కన్నుకు పరిస్తే
తోలు ఎంతైతదో చూడు" అన్నది.
నాకు సమజ్ కాలే.

శివరాత్రి పోయినంక చేసిన పటువకు
మెడ కింద నుంచి నడుము దాంక
వేలి కొసతోని కన్నులు ఒత్తింది.
గాలికి ఎంత తోలు దొరికితే
నీళ్లకు అంత చెమట,
చెమట పోస్తేనే సలువ.
మా అమ్మ పెంక మీద రొట్టె మరిసి
రెండు చెంబులు తాగింది.
రొట్టె మాడింది.

నత్తను చూసి నూనె గురిగికి ముక్కు తీసింది,
ఒంపినంక ఆఖరి చుక్క
బెదిరినట్టు వెనక్కి మళ్లి లోపలికే పోతది.
గిజిగాని గూడు చూసి ఉల్లిగడ్డల కుండ,
మూతి పక్కకు, అడుగున చిల్లులు.
ఓసారి తొండను చూసి ఏందో చేసింది,
అది దేనికీ అక్కరకు రాలే.
దాంట్ల ఇప్పుడు కోడి గుడ్లు పెడ్తది.

పోయిన మాఘంల పట్నం నుంచి ఒకామె
తెల్ల కారుల వచ్చి ఫోటోలు తీసుకున్నది.
నూరు చాయ్ కప్పులు,
అంచుకు తామరపూలు కావాలన్నది,
అడ్వాన్సు చేతుల పెట్టింది.
"రేకులు పెదవికి గుచ్చుకుంటయి బిడ్డా"
అని అత్త
మోదుగ దొప్ప వంచినట్టు అంచు వంచి
ఆరు కప్పులు చేసిచ్చింది,
మిగిలిన పైసలు తిరిగిచ్చింది.
ఆమె మళ్ల ఫోన్ చెయ్యలే.

ఇంకో మాట చెప్పాలె.
అత్తకు కుడిచేతి బొటనవేలు సగమే.
సొప్ప కోసే మిషన్ల పోయింది, నేను పుట్టకముందు.
మామ ఉన్నన్నొద్దులు సారె మామది, సలప అత్తది.
ఎత్తి దించేటప్పుడు పచ్చి మెడ కాడ
ఆ సగం వేలు దిగవడి
చిన్న గుంట అయ్యేది.
"ఒంకర కుండ ఎవడు కొంటడే"
అని మామ తడిగుడ్డతోని సాపు చేసెటోడు.

మామ పోయినంక
ఆడమనిషి సారె ముట్టొచ్చునా అని
కులపోళ్లు ఒక మాపటీలంత మాట్లాడిండ్రు.
వాళ్లకు చాయ్ పోసి
తెల్లారి సారె తిప్పింది.
గుంట సాపు చేసేటోళ్లు లేరు.
అట్లనే ఆములకు పోయింది,
అట్లనే కాలింది.

అంగడిల నేను చూసిన.
గాజులమ్మే లచ్చుంబాయి,
ఎరువుల దుకాణం మహబూబ్ అలీ సాబు,
నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన పిల్ల,
ఎవరు ఎత్తినా
వాళ్ల బొటనవేలు ఎతుకకుండనే
ఆ గుంటల్నే పడ్తది.
పడ్డంక కింద పెట్టరు.
ఇరవై తగ్గియ్యమని కొట్లాడుతరు గని
కింద పెట్టరు.

మొన్న స్పీడ్ బ్రేకర్ కాడ
సీతాఫలం పటువ పోయింది.
పెంకులు సంచిల తెచ్చి
తలకాయ వంచుకొని నిలవడ్డ.
తిట్టలే.
"రోట్ల ఏసి దంచు" అన్నది.
నేను దంచుతుంటే జల్లెడ పట్టి
కొత్త మట్టిల కలిపింది.
"మట్టికి గూడ ఎముక గావాలెరా"
అని కాలుతోని తొక్కుడు షురూ చేసింది.

ఒక్క పెంకు నేను రోట్ల ఎయ్యలే.
గుంట ఉన్న పెంకు.
ఆటోల, హ్యాండిల్ పక్కన పెట్టుకున్న.
వాగు వంతెన దగ్గరవడంగనే
వేలు అండ్లకు పోతది.
బండి స్లో అయితది.